చీకటి పల్లాలు, వెలుగు చెరువులు

కార్తీక మాసపు పొద్దు లాలాపేట్ మీద నింపాదిగా వాలుతుంది. వంతెన కింద పరుచుకున్న రైలు పట్టాలు ముందు కుంకుమరంగు తాగి ఎర్రెర్రగా మెరుస్తాయి. ఆ తర్వాత అల్లంత దూరాన మౌలాలి గుట్ట, యుగాల వానలకు నునుపుదేలిన తన బోడి రాతి నెత్తి మీద చివరి వెలుగును కాసేపు నిలుపుకుని, గులాబీ నుంచి ఊదాకు, ఊదా నుంచి బూడిద రంగుకు మెల్లమెల్లగా మారుతుంది. ఇటు ఉస్మానియా క్యాంపస్‌లో గూటికి చేరే నెమళ్లు ఒకటి రెండుసార్లు గొంతెత్తి ఊరుకుంటాయి. వేపచెట్ల కింద చీకటి చిక్కబడుతుంది. ఆర్ట్స్ కాలేజీ ఎత్తైన కమాను లోపల నీడ నల్లటి లోతుగా మారుతుంది. తార్నాక చౌరస్తాలో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి, ఆకాశం అడుగు అంచు పసుపు పులుముకుంటుంది. ఆ పసుపు వెలుగును దాటి, తల బాగా వెనక్కి వంచితే, నడినెత్తిన నాలుగు చుక్కల పెద్ద చతురస్రం ఒకటి కనబడుతుంది. మన పంచాంగాల్లోని పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు దాని మూలల్లో కొలువై ఉన్నాయి.

ఆ చతురస్రపు ఈశాన్య మూల నుంచి ఇంకాస్త ఈశాన్యానికి చూపు సాగిస్తే, నగరపు వెలుగు సోకని చోట, కంటికి చీకటి పూర్తిగా అలవాటైన వేళ, ఒక చిన్న మసక మరక తేలుతుంది. నేరుగా చూస్తే మాయమై, ఓరగా చూస్తే మళ్లీ ఊరే మరక అది. ఆండ్రోమెడా గెలాక్సీ. లక్ష కోట్లకు అటూ ఇటూ నక్షత్రాల వెలుగంతా కలిసి, 25 లక్షల ఏళ్లు నడిచి వచ్చి, ఆ పాటి మసకగా మన కంట్లో దిగుతోంది. నడుమ బంగారు ముద్దలా మెరిసే ముదుసలి నక్షత్రాల గుంపు, దాని చుట్టూ నీలినీలంగా మెలికలు తిరిగిన పడుచు నక్షత్రాల బాహువులు, ఆ బాహువుల వెంట నల్లటి ధూళి చారలు, చారల అంచున అక్కడక్కడా ఎర్రగా విచ్చుకున్న హైడ్రోజన్ మేఘాలు. పక్కనే రెండు చిన్న గెలాక్సీలు, తల్లిని విడవని పిల్లల్లాగా. మన పాలపుంత, ఆండ్రోమెడా, ఇంకా యాభైకి పైగా చిన్నాచితకా గెలాక్సీలు కలిసి ఒకే కుటుంబం. ఒకదాని బరువు ఒకదాన్ని లాగుతూ, పట్టుకుంటూ, కోట్ల ఏళ్లుగా ఒకే ఊరివాళ్లలా మసలుతున్నాయి.

విశ్వంలో ఎటు చూసినా ఇదే వరస. గెలాక్సీలు చెదురుమదురుగా, చల్లిన గింజల్లా పడిలేవు. గుంపు కడతాయి. గుంపులు గుచ్ఛాలవుతాయి. గుచ్ఛాలు బారులు తీరి మహాగుచ్ఛాలవుతాయి. ఏదైనా ఒక గెలాక్సీ దగ్గర నిలబడి దాని ఇరుగుపొరుగును లెక్కపెడితే, రెండు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో కూడా, యాదృచ్ఛికంగా ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు పొరుగువాళ్లు కనిపిస్తారు. ఈ పొరుగు లెక్కను శాస్త్రంగా మలిచిన జేమ్స్ పీబుల్స్‌కు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. లెక్క ఆయనది. ఆ గుంపుల అందం మాత్రం చూసినవాళ్లందరిదీ.

కార్తీకం గడిచి, చలి తగ్గి, చైత్ర వైశాఖాలు వచ్చాక ఆకాశం ఇంకో పుట తిప్పుతుంది. ఉత్తర, హస్త, చిత్ర, స్వాతి. మన రైతులు వాటిని కార్తెలుగా ఎరుగుదురు, పెళ్లి ముహూర్తాలు పెట్టే పంతుళ్లు నక్షత్రాలుగా ఎరుగుదురు. పంచాంగంలో పన్నెండు నుంచి పదిహేను దాకా వరసగా వచ్చే ఈ నాలుగు పేర్ల దాపునే విశ్వం తన అతి పెద్ద రహస్యాలను పరిచి పెట్టిందని తలచుకుంటే నాకు ఎప్పుడూ ఒళ్లు జలదరిస్తుంది.

ఉత్తర నక్షత్రానికి కొంచెం తూర్పుగా, ఖాళీగా కనిపించే నల్లటి ఆకాశపు తునకలో, కన్యారాశి గుచ్ఛం ఉంది. పెద్ద టెలిస్కోపు దాని మీద గంటల తరబడి చూపు నిలిపితే ఆ నలుపు మెల్లగా నిండుతుంది. ముందు ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత లెక్కకు అందనన్ని. 5 కోట్ల 40 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో 1,300కు పైగా గెలాక్సీలు. కొన్ని చక్రాల్లా మెలితిరిగినవి, కొన్ని పక్కవాటంగా సన్నటి వెండి గీతల్లా కనిపించేవి, కొన్ని ఏ రేఖా లేకుండా గుండ్రంగా, మెత్తగా, లేత బంగారు వెలుగు ముద్దలుగా తేలేవి. కొన్ని జంటలు ఒకదాని మీదికి ఒకటి వాలి కనుబొమల్లా వంగిన వరసలో సాగుతాయి. ఆ గుంపు నడుమ ఎం87 అనే మహాకాయం. దానికి బాహువులు లేవు, మెలికలు లేవు. కోటానుకోట్ల నక్షత్రాల నిండు వెలుగు గోళం. దాని గుండె నుంచి నీలం రంగు జ్వాలాధార ఒకటి సుమారు 5,000 కాంతి సంవత్సరాల పొడవున బాణంలా దూసుకొస్తుంది. ఆ గుండెలోని 650 కోట్ల సూర్యుళ్లంత బరువున్న కృష్ణబిలం చిత్రాన్నే 2019 ఏప్రిల్ 10న ప్రపంచం తొలిసారి చూసింది. నారింజ వలయం, నడుమ చిక్కటి నలుపు.

ఈ గుచ్ఛాల్లో ఇంకో వింత. గెలాక్సీ రంగు దాని ఇరుగుపొరుగును బట్టి ఉంటుంది. కిక్కిరిసిన గుచ్ఛం నడుమ ఉండేవి ఎక్కువగా ఎరుపు, పసుపు రంగువి. కొత్త నక్షత్రాల పుట్టుక ఆగిపోయి, ముదురు నక్షత్రాల వెచ్చటి వెలుగుతో నిండినవి. నీలపు మెరుపుతో ఇంకా నక్షత్రాలను కంటున్న మెలికల గెలాక్సీలు గుచ్ఛం పొలిమేరల్లో, విడివిడి పల్లెల్లో విస్తారంగా దొరుకుతాయి. పడుచుదనం అంచుల్లో, పెద్దరికం నడిబొడ్డున.

కన్యారాశికి ఉత్తరంగా, చాలా లోతున, 32 కోట్ల కాంతి సంవత్సరాల ఆవల కోమా గుచ్ఛం ఉంది. వెయ్యికి పైగా గెలాక్సీలు, వాటి నడుమ ఏనుగుల్లాంటి రెండు మహా గెలాక్సీలు. 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ అనే స్విస్ శాస్త్రవేత్త ఆ గుచ్ఛంలోని గెలాక్సీల వేగాలు చూసి నివ్వెరపోయాడు. అంత వేగంగా పరిగెత్తేవి ఎప్పుడో చెల్లాచెదురు కావాలి. కావడం లేదు. కనిపించే వెలుగుకు ఎన్నో రెట్ల బరువు, ఏ రంగూ లేనిది, ఏ వెలుగూ ఇవ్వనిది, వాటిని పట్టి ఉంచుతోంది. దాన్నే ఇవాళ కృష్ణపదార్థం అంటున్నాం. ఇలాంటి గుచ్ఛాల బరువులో నక్షత్రాల వాటా చాలా స్వల్పం. గెలాక్సీల నడుమ కోట్ల డిగ్రీల వేడితో, ఎక్స్ కిరణాల్లో మాత్రమే వెలిగే పలుచటి వాయువు అంతకన్నా ఎక్కువ. మిగిలిన సింహభాగం, వందకు ఎనభై పైచిలుకు, ఆ కనిపించని పదార్థానిదే.

దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు మన తెలంగాణ గొలుసుకట్టు చెరువులే కళ్లకు కడతాయి. వాన ఎక్కడ పడినా నీరు పల్లమెరుగు. గుట్ట వాలు మీది చినుకు సన్నటి పాయ అవుతుంది, పాయ వాగవుతుంది, వాగు చెరువు చేరుతుంది. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కిందికి. సాయంకాలం గుట్టెక్కి చూసేవాడికి దూరదూరాన మెరిసే చెరువులే కనిపిస్తాయి. వాటిని కలిపే పల్లాలు, వాలులు, నేల ఒంపులు మసక చీకట్లో కనిపించవు. కానీ ఏ చెరువు ఎక్కడ నిండాలో తేల్చింది ఆ కనిపించని నేలే. విశ్వంలో ఆ నేల పని కృష్ణపదార్థానిది. అది ఎక్కడ లోతుగా పోగైతే అక్కడికి మామూలు పదార్థం జారి, చేరి, చల్లబడి, నక్షత్రాలై వెలిగింది. గెలాక్సీలు ఆ లోతుల మీద తళుక్కుమనే మెరుపులు. మనం ఆకాశంలో చూసేది నీటి మెరుపునే. నేల రూపాన్ని ఆ మెరుపుల వరసను బట్టి పోల్చుకోవాలి.

పోల్చుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది, అతి సుందరమైన దారి. బరువైన గుచ్ఛం వెనకాల ఎంతో దూరంలో ఇంకో గెలాక్సీ ఉంటే, దాని వెలుగు ఈ గుచ్ఛాన్ని దాటి వచ్చేటప్పుడు వంగుతుంది. అప్పుడు ఆ వెనకటి గెలాక్సీ సన్నటి నీలి విల్లుగా, నెలవంకల వరసగా, ఒక్కోసారి నిండు ఉంగరంగా గుచ్ఛం చుట్టూ కనిపిస్తుంది. ఎంత వంగిందో కొలిస్తే, ఎంత బరువు వంచిందో తెలుస్తుంది. కనిపించనిది కనిపించేదాన్ని వంచి, తన ఆకారాన్ని తానే గీసి చూపిస్తోందన్నమాట.

మళ్లీ మన పంచాంగపు వరసకు వద్దాం. హస్త నక్షత్రపు చుక్కలు చిన్న నాలుగు పలకల గుంపు. దాని దాపునే యాంటెన్నె అనే గెలాక్సీల జంట ఉంది. రెండు మెలికల గెలాక్సీలు ఢీకొని, ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుని, పెనవేసుకుంటున్న దృశ్యం అది. రెండు బంగారు గుండెలు పక్కపక్కన. వాటి నడుమ నల్లటి ధూళి ముడులు. ముడుల చుట్టూ గులాబీ రంగు మేఘాలు రగులుతూ, వాటి ఒడిలో వేలకు వేల నీలి నక్షత్ర గుచ్ఛాలు పుడుతూ. ఆ గందరగోళం నుంచి రెండు పొడవాటి నక్షత్రాల తోకలు, ఇటొకటి అటొకటి, పురుగు మీసాల్లా సన్నగా, లక్షల కాంతి సంవత్సరాల దూరం వరకు వంపు తిరిగి, చివరకు చీకట్లో కరిగిపోతాయి. ఇంత జరుగుతున్నా నక్షత్రం నక్షత్రాన్ని తాకడం దాదాపు ఉండదు. నక్షత్రాల నడుమ ఖాళీ అంత విశాలం. ఒకదాని గురుత్వం మరొకదాని కక్ష్యలను కలచి, పిసికి, సాగదీస్తుంది, అంతే.

ఇలాంటి కలయికలను లెక్క కట్టిన తొలి తరం శాస్త్రవేత్తల్లో ఒకరు మన ఉస్మానియా క్యాంపస్ వారే. ప్రొఫెసర్ సాలెహ్ మొహమ్మద్ అలాదీన్. షికాగో విశ్వవిద్యాలయంలో 1963లో డాక్టరేట్ పూర్తిచేసిన ఆయన, ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రం మీద రాసిన పరిశోధన 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వచ్చింది. ఇప్పుడు మనం తెర మీద చూసే కంప్యూటర్ గెలాక్సీలు అప్పటికి ఎక్కడున్నాయి! కాగితం, కలం, గణితం. రెండు గెలాక్సీలు వేగంగా దాటిపోతే ఒకదానికొకటి ఎంత శక్తి అందిస్తాయి, ఎంత మేరకు వదులవుతాయి, నెమ్మదిగా కలిస్తే ఎప్పుడు ఒకటైపోతాయి అని ఆయన, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి తవ్వారు. కె.ఎస్.వి.ఎస్. నరసింహన్‌తో కలిసి గెలాక్సీల పరస్పర గురుత్వ ప్రభావాల మీద ఆయన రాసిన సమగ్ర సమీక్షను 1982లో ఫిజిక్స్ రిపోర్ట్స్ ప్రచురించింది. తార్నాక రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతుంటే, ఆ చెట్ల వెనక గదుల్లో కూర్చుని గెలాక్సీల పెళ్లిళ్లకు లగ్నాలు కట్టారు. ఇది హైదరాబాద్ గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి. చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదని నా బాధ.

ఆకాశానికి పటం గీయడం ఈ నగరానికి అంతకు చాలా ముందే అబ్బింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసి పటం గీయాలన్న మహా సంకల్పంలో హైదరాబాద్‌కూ దక్షిణాకాశంలో ఒక పట్టీ, తర్వాత ఉత్తరాకాశంలో ఒక పట్టీ వచ్చాయి. ఆ పనికి వాడిన గాజు పలకను ఒక్కసారి దగ్గరగా ఊహించుకోండి. పదహారు సెంటీమీటర్ల చదరపు గాజు. దాని మీద ఐదేసి మిల్లీమీటర్ల గళ్లు, వెంట్రుక కన్నా సన్నటి గీతలతో. గళ్ల మధ్య నల్లటి పిన్నీసు పొడుపుల్లాంటి చుక్కలు, ప్రతి చుక్కా ఒక సూర్యుడు. వెలుగు ఎక్కువైతే చుక్క లావు, తక్కువైతే సన్నం. ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా, లోకం తలకిందులై గాజులో గడ్డకట్టినట్టు ఉంటుంది. పలక మీద ఒక మిల్లీమీటరు జరిగితే ఆకాశంలో డిగ్రీలో అరవయ్యో వంతు జరిగినట్టు. సూక్ష్మదర్శినికి కన్నానించి, గడి తర్వాత గడి, చుక్క తర్వాత చుక్క కొలిచారు. అలా 7 లక్షల 63 వేలకు పైగా నక్షత్రాల లెక్క తేలింది, సంపుటాల మీద సంపుటాలుగా అచ్చయింది.

ఆ పలకలు ఎంత అందమైనవైనా వాటికి లోతు లేదు. దగ్గరి చుక్క, దూరపు చుక్క ఒకే గాజు మీద పక్కపక్కన కూర్చుంటాయి. విశ్వానికి లోతు తెచ్చింది రంగు. దూరమవుతున్న గెలాక్సీ వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది, ఎంత జరిగితే అంత దూరం. ఆ రంగును ఒక్కో గెలాక్సీకి విడివిడిగా కొలవాల్సిన రోజుల్లో, అమెరికాలో వలేరీ ద లాప్పరాన్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా ఆకాశంలోంచి ఒక పలుచటి ముక్క కోసి, అందులోని సుమారు 1,100 గెలాక్సీల దూరాలు కొలిచి, 1986లో పటంగా పరిచారు. అది చూసినవాళ్లు నోరు తెరిచారు. గెలాక్సీలన్నీ సన్నటి గోడల వెంట, బారుల వెంట పేరుకుని ఉన్నాయి. గోడల నడుమ బ్రహ్మాండమైన ఖాళీలు. కోమా గుచ్ఛం ఉన్న చోట పటంలో చేతులు చాచిన మనిషి బొమ్మ తేలింది. మరి మూడేళ్లకు ఆ చేతులు సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల మహాకుడ్యంలో భాగమని తేలింది. 2003లో అంతకు రెట్టింపు కన్నా పొడవైన మరో గోడ కనబడింది, స్లోన్ మహాకుడ్యం. ఇప్పుడు ఆరిజోనా కొండ మీద డెసీ అనే పరికరం ఒకేసారి 5,000 గెలాక్సీల మీద ఐదు వేల సన్నటి గాజు తీగలను నిలిపి, రాత్రంతా రంగులు తాగుతోంది.

స్వాతి నక్షత్రం నారింజ రంగు మాణిక్యం. వేసవి రాత్రుల్లో నడినెత్తిన ఒంటరిగా రగులుతూ ఉంటుంది. ఆ నక్షత్రమున్న రాశిలోనే, దానికి ఉత్తరాన, లోతు చాలా లోతున, 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, 1981లో రాబర్ట్ కర్ష్నర్, ఆయన సహచరులు ఒక పెను శూన్యాన్ని కనుగొన్నారు. 33 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పు. వేల గెలాక్సీలు ఉండాల్సిన ఆ ఆవరణంలో ఇప్పటిదాకా కనబడినవి అరవై దాకా. అక్కడ ఒక గెలాక్సీలో మనలాంటివాళ్లు పుట్టి ఉంటే, వాళ్ల టెలిస్కోపులకు ఇరుగుపొరుగు గెలాక్సీలు దొరకడానికి ఎన్ని తరాలు పట్టేదో! వాళ్లకు విశ్వమంటే తమ ఒక్క ఊరే. మౌనం, చలి, అంతులేని నలుపు, ఎక్కడో ఒక దీపం. ఆ శూన్యంలోని పదార్థమంతా చుట్టూ ఉన్న గోడల వైపు జారిపోయింది. శూన్యాలు ఖాళీ అయిన కొద్దీ గోడలు చిక్కబడ్డాయి.

చిత్ర నక్షత్రం తెల్లటి నీలపు వజ్రం. దానికి దక్షిణంగా, సుమారు 65 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో షాప్లీ మహాగుచ్ఛం ఉంది. మన చుట్టుపక్కల విశ్వంలో ఇంతటి బరువు ఒక్కచోట చేరిన తావు అరుదు. లాలాపేట్‌లో కుర్చీలో కదలకుండా కూర్చున్నవాడు కూడా, పాలపుంతతో, ఆండ్రోమెడాతో, ఈ కుటుంబమంతటితో కలిసి, సెకనుకు 600 కిలోమీటర్లకు పైగా వేగంతో ప్రయాణిస్తున్నాడు. ఆ లాగుడులో దగ్గరి గుచ్ఛాలకు వాటా ఉంది, దూరపు షాప్లీకీ వాటా ఉంది. మనకు పడమటి గాలి తెలుస్తుంది, రైలు కుదుపు తెలుస్తుంది, ఇది మాత్రం తెలియదు. 2014లో బ్రెంట్ టల్లీ బృందం గెలాక్సీల ఈ ప్రవాహాలన్నీ గీసి చూసి, మనం ఉన్న మహాగుచ్ఛం ఎల్లలు నిర్ణయించింది. లానియాకేయా అని పేరు పెట్టింది. 52 కోట్ల కాంతి సంవత్సరాల మేర, సుమారు లక్ష గెలాక్సీలు. ఆ పటంలో ప్రవాహాలన్నీ మెరిసే ఈకల్లా ఒక లోయ వైపు వంగి దిగుతుంటాయి. మన పాలపుంత ఒక ఈక అంచున ఉంటుంది.

రేవతి నక్షత్రమున్న మీనరాశిలో మన దేశపు శాస్త్రవేత్తలు 2017లో మరో మహాగుచ్ఛాన్ని ప్రపంచానికి చూపించారు. వారు పుణేలోని ఐయూకా, ఐసర్ సంస్థలకు చెందిన జయదీప్ బాగ్చీ, శిశిర్ సాంఖ్యాయన్, వారి సహచరులు. పేరు సరస్వతి. కనీసం 43 గుచ్ఛాలు, 60 కోట్ల కాంతి సంవత్సరాల విస్తారం, రెండు పక్కన పదహారు సున్నాలు పెడితే వచ్చినన్ని సూర్యుళ్ల బరువు. మన నుంచి దూరం సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాలు. వెలుగు దారిలో ఉండగానే విశ్వం విస్తరించి ఆ దూరం పెరిగింది. ఆ వెలుగు అక్కడ బయలుదేరి 300 కోట్ల ఏళ్లు దాటింది. హైదరాబాద్ నేల కింద పరుచుకున్న గ్రానైటు, మౌలాలి గుట్టగా లేచిన గ్రానైటు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. సరస్వతి వెలుగు దారిలో ఉండగా ఈ రాయి భూగర్భంలో కరిగిన ద్రవంగా ఉడికి, చల్లబడి, గడ్డకట్టి, పైకి లేచి, వానకు ఎండకు పగిలి, చివరికి ఉలి దెబ్బలు తిని గోడలుగా నిలబడింది. రాయి కన్నా వెలుగు పాతది.

ఇంత పెద్ద అల్లికకు మొదలు ఎంత చిన్నదో తెలిస్తే మాట రాదు. 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం మొదలైంది. 3 లక్షల 80 వేల ఏళ్లు గడిచేసరికి అది నలువైపులా ఒకే రీతిగా, నారింజ వెలుగుతో నిండిన పొగమంచులా ఉంది. దాదాపు ఒకే రీతి. లక్షలో ఒక వంతు పాటి హెచ్చుతగ్గులు మాత్రం ఉన్నాయి. ఒక చోట వీసమంత చిక్కదనం, ఇంకో చోట వీసమంత పలుచదనం. ఆ హెచ్చుతగ్గుల ఆనవాళ్లను కోబ్ ఉపగ్రహం 1992లో చూపించింది. చిక్కటి చోటు ఇంకాస్త లాక్కుంది, లాక్కున్న కొద్దీ ఇంకా చిక్కబడింది. కోట్ల ఏళ్ల ఓపికతో గురుత్వం ఆ వీసాల్లోంచే కన్యారాశి గుచ్ఛాన్ని, కోమాను, సరస్వతిని తీర్చింది. తొలినాటి ఆ వేడి పొగమంచులో ధ్వని తరంగాలు కూడా పరుగెత్తాయి. పొగమంచు తేటబడగానే అవి ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ నిలిచిపోయిన అలల జాడ ఈనాటికీ గెలాక్సీల నడుమ దూరాల్లో ఉంది. సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల ఎడంలో గెలాక్సీల జంటలు లెక్కకు మించి కాస్త ఎక్కువగా దొరుకుతాయి. 2005లో డేనియెల్ ఐజెన్‌స్టైన్ బృందం దాన్ని పట్టుకుంది. ఎప్పుడో ఆగిపోయిన ఒక నాదం, గెలాక్సీల అమరికలో ఇంకా నిలిచి ఉంది.

అయితే ఈ గుంపు కట్టడం ఎల్లకాలం సాగేది కాదు. విశ్వంలో మామూలు పదార్థం వందకు ఐదు పాళ్లు, కృష్ణపదార్థం 27, మిగిలిన 68 పాళ్లు కృష్ణశక్తి. అది అన్నిటినీ ఎడంగా నెడుతోంది. గట్టిగా ముడిపడిన గుచ్ఛాలు నిలుస్తాయి. వదులుగా అల్లుకున్న మహాగుచ్ఛాల అంచులు మెల్లగా విడిపోతాయి. మన పాలపుంత, ఆండ్రోమెడా ఢీకొనడం ఖాయమని చాలాకాలం అనుకున్నారు. 2025లో వెలువడిన లెక్కల ప్రకారం రాబోయే 1,000 కోట్ల ఏళ్లలో అది జరిగే అవకాశం సగానికి సగం. గెలాక్సీల ఈ అల్లిక ఇంత నిండుగా, ఇంత మెరుపుతో, ఇంత దూరం కనిపించే కాలంలో మనం ఉన్నాం. ఇది మనకు దక్కిన భాగ్యం.

హైదరాబాద్ నడిబొడ్డున ఆకాశం వెలిసిపోయిందనే 1968లో ఉస్మానియావాళ్లు తమ 48 అంగుళాల టెలిస్కోపును ఊరికి దూరంగా, జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూశారు. చీకటి వెతుక్కుంటూ వెళ్లడం ఈ క్యాంపస్‌కు కొత్త కాదు. మీరూ వెళ్లండి. వచ్చే వైశాఖంలో, అమావాస్యకు అటూ ఇటూ, సెలవులకు ఊరెళ్లినప్పుడు డాబా మీద దీపాలన్నీ ఆర్పేసి పిల్లలకు ఉత్తర, హస్త, చిత్ర, స్వాతి వరసగా చూపించండి. ఏ చుక్క దాపున ఏముందో చెప్పండి. ఎవరి దగ్గరైనా నాలుగు అంగుళాల చిన్న టెలిస్కోపు ఉంటే అడిగి తెచ్చుకుని ఉత్తరకు తూర్పుగా తిప్పండి. ఎం87 అందులో గుండ్రటి మసక చుక్కగా కనిపిస్తుంది. ఆ వెలుగు అక్కడ బయలుదేరి 5 కోట్ల ఏళ్లు దాటింది.